చెరువుకు ఏడవ దోషం

గాలం వేయడం పాపమని చెప్పడానికి ఈ నాలుగు మాటలు వ్రాయడం లేదు. చేప తినేవారిని నిందించే ఉద్దేశమూ నాకు లేదు. సాయంకాలం వేళ చెరువు కట్టమీద వెదురు కర్ర పట్టుకొని, నీటిమీది బెండు ఎప్పుడు మునుగుతుందా అని కన్నార్పక చూసే మనిషికంటె సాధుజీవి లోకంలో అరుదు. నా తగవు గాలంతో కాదు, దానికి తగిలించే ఎరతో. రబ్బరు కప్ప, రబ్బరు పురుగు అని మన పిల్లలు పిలుచుకొంటున్న మెత్తని ప్లాస్టిక్ ఎర ఒకటి కొన్నేళ్లుగా మన చెరువులలో ప్రవేశించింది. అది ఎక్కడి వస్తువైనా కావచ్చు, ఎంత అందమైనదైనా కావచ్చు. అనంతపురం మెట్టసీమ చెరువులో దానికి చోటుండరాదని నా వాదం.

మొదట దాని పుట్టుపూర్వోత్తరాలు. 1949లో అమెరికాలోని అక్రన్ పట్టణంలో నిక్ క్రీమ్ అనే ఆయన వానపామును పోలిన మెత్తని ప్లాస్టిక్ పురుగును అచ్చులో పోతపోసి తయారు చేశాడు. అక్కడి మంచినీటి బాస్ చేప దానిని చూసి మోసపోయింది, వ్యాపారం పండింది. పిమ్మట ఆ ఎర సముద్రతీరాలకూ ప్రాకింది. సిడ్నీ వంటి రేవు నగరాలలో ఓడలు నిలిచే గోడల వెంబడి, వంతెన స్తంభాల నీడలో బ్రీమ్ అనే చేప తిరుగుతుంది. మహా అనుమానపు చేప. దానికోసం వ్రేలెడు పొడవైనా లేని ప్లాస్టిక్ ఎరను సన్నని దారానికి కట్టి, గట్టున నిలబడి విసిరి, మెల్లమెల్లగా లాక్కోవడం అక్కడ ఒక విద్య, ఒక పోటీ, ఒక పెద్ద అంగడి. పని ముగించుకొని ఇంటికి పోయే దారిలో ఒక గంట సేపు ఉప్పుగాలిలో నిలబడి చేసే ఆ వినోదంలో అందం లేదని నేననను.

ఆ వినోదాన్ని మన యువకులు చరవాణి తెరమీద చూశారు. చూసి ముచ్చటపడ్డారు. రాడ్డు వచ్చింది, రీలు వచ్చింది, రంగురంగుల ఎరలు తపాలాలో వచ్చాయి. బ్రీమ్ స్థానంలో మన కొర్రమీను నిలిచింది. రేవు స్థానంలో చెరువు నిలిచింది. ఎర మాత్రం అదే. చేప మారి, నీరు మారి, నేల మారి, ఎర మారకపోవడమే ఇక్కడి చిక్కు.

రేవు వేరు, చెరువు వేరు. రేవుకు ఆటుపోట్లున్నాయి. దినానికి రెండుమార్లు నీరు వస్తుంది, పోతుంది. అక్కడ తెగిన ఎర సముద్రానికి చేటు చేయదని నా అభిప్రాయం కాదు; చేస్తుంది. కాని ఆ చేటు అపారమైన నీటిలో పలుచబడుతుంది. మన చెరువుకు ఆటు లేదు, పోటు లేదు. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే సీమ ఇది. దేశంలో తక్కువ వాన చూసే జిల్లాలలో ఇదొకటి. పడిన వానను పట్టి ఉంచే గిన్నె చెరువు. ఆ గిన్నె నిండి మరువ పారడం ఇక్కడ పండుగ. 2021 నవంబరులో, 2022 అక్టోబరులో వచ్చినట్టి వానలు వస్తే మరువ పారుతుంది. గంగమ్మకు పసుపు కుంకుమలు పడతాయి. తక్కిన సంవత్సరాలలో నీరు తూముగుండా కొంత, నేలలోనికి కొంత, ఎండకు మిక్కిలి పోతుంది. నీరు ఆవిరై పోతుంది గాని, ప్లాస్టిక్ ఆవిరి కాదు. చెరువు తనలో పడినదానిని దాచుకొంటుంది. వేసవి వచ్చాక బయటపెడుతుంది.

బయటపెట్టిన తరువాత ఏమవుతుందో రేవు నగరంలోని వారు ఊహించలేరు. మనకు తెలియకపోవడానికి వీలులేదు. నీరు దిగేకొద్దీ చెరువు అంచున పచ్చిక మొలుస్తుంది. గొర్రెలు, మేకలు, ఎద్దులు అందులోకి దిగుతాయి. పూర్తిగా ఎండిన తరువాత రైతులు ట్రాక్టర్లు తెచ్చి చెరువు మట్టి తోలుకొంటారు. ఆ మట్టి ఎర్రనేలకు పట్టెడన్నం వంటిది. తెలంగాణలో మిషన్ కాకతీయ పేరిట, మన రాష్ట్రంలో నీరు-చెట్టు పేరిట 2015 నుంచి కొన్ని ఏండ్లు ప్రభుత్వాలు చేసిన పనికి మూలం ఈ పాత అలవాటే. అంటే చెరువు అడుగున ఉన్నది చెరువులోనే ఉండదు, పొలానికి పోతుంది. బుడ్డల చేనుకు పోతుంది. వేరుశెనగ కాయ మట్టిలోపల ఊరే పంట అని వేరే చెప్పాలా? రేవులో తెగిన ఎర రేవు అడుగున పడి ఉంటుంది. మన చెరువులో తెగిన ఎర బండెక్కి ఊరేగుతుంది.

గత వేసవిలో ఒక గొర్రెల కాపరి ఎండిన చెరువు పగుళ్లలో దొరికిందని ఒక ఆకుపచ్చని కప్పను నాకు చూపాడు. బొడ్డు పగిలి, కళ్లు ఊడి, వీపుమీద రెండు గాలపు ముళ్లు మాత్రం కొత్తవాటివలె మెరుస్తూ ఉన్నాయి. "సారూ, ఇది నా గొర్రె నోట పడింటే?" అన్నాడతడు. జవాబు పశువైద్యులందరికీ తెలిసినదే. మేతతోపాటు మ్రింగిన మేకులు, తీగముక్కలు పశువు రెండవ కడుపులో నిలిచి, గోడను చీల్చుకొని గుండెపొర దాకా పోవడం వారి పాఠ్యగ్రంథాలలోని వ్యాధి. ఒట్టి ఇనుప గాలమైతే త్రుప్పుపట్టి ఏనాటికో మట్టిలో కలుస్తుంది. మెత్తగా ఉండి, తరచు ఉప్పు కలిపి, వాసన పట్టించి, తినబుద్ధి పుట్టేటట్లే చేసిన వస్తువులో గుచ్చిన గాలం సంగతి వేరు. చేపను నమ్మించడానికి చేసినది పశువును నమ్మించదా?

మన పూర్వులు చెరువును ఎంత శాస్త్రంగా చూశారో చెప్పడానికి ఒక శాసనం చాలు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు వద్ద 1369 నాటి సంస్కృత శాసనం ఉంది. మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు వేయించినది. రెండేండ్లపాటు దినానికి వేయిమంది కూలీలు, నూరు బండ్లు పనిచేసిన సంగతి అందులో ఉంది. అంతకంటె విలువైన విషయం, మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, చెరువుకు రాకూడని ఆరు దోషాలను అది లెక్కించింది. కట్ట ఊటవేయడం ఒక దోషం. చవుడు నేల ఒక దోషం. రెండు రాజ్యాల పొలిమేరలో ఉండడం ఒక దోషం. నడుమ నేల తాబేటి వీపువలె ఉబ్బి ఉండడం ఒక దోషం. నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీరు ఎక్కువై ఆయకట్టు తక్కువ కావడం తక్కిన రెండు. పొలిమేర తగాదాలను కూడ ముందే ఊహించి హెచ్చరించిన ఆ మహానుభావులకు, కరగని, కుళ్లని, ఎండని పదార్థమొకటి చెరువులో పడుతుందని ఊహించే అవకాశం లేకపోయింది. లోపం వారిది కాదు. ఏడవ దోషాన్ని చేర్చవలసిన పని మనది.

ఇంతకూ అది రబ్బరు కాదు. చాలావరకు ఈ ఎరలు పాలీ వినైల్ క్లోరైడ్ అనే గట్టి ప్లాస్టిక్కును నూనెవంటి మెత్తబరిచే రసాయనాలలో కలిపి, కాచి, అచ్చులో పోసినవి. నీటి గొట్టాలు చేసే జాతి పదార్థమే జెల్లిచేపవలె వణికేటట్లు మెత్తబడినదంటే అందులో ఆ నూనె పాలు ఎంత ఉండాలో ఊహించుకోండి. ఆ మెత్తబరిచేవాటిలో థాలేట్లు అనేవి ఒక వర్గం. వాటిలో కొన్నింటిని పిల్లల బొమ్మలలో నూటికి 0.1 పాలు మించరాదని ఐరోపా సమాజం 2005లో, అమెరికా 2008లో శాసించాయి. పిల్లలు బొమ్మను నోట పెట్టుకొంటారనే భయంతో! థాలేట్లు లేని ఎరలూ అంగడిలో ఉన్నాయి, నిజమే. కాని పొట్లం మీద అందులో ఏమున్నదో వ్రాయని ఎరలను కొనేవాడు దేనిని నీటిలో వేస్తున్నాడో వానికే తెలియదు. బొమ్మలో వద్దన్న పదార్థం మంచినీటి బోరుకు ఊట ఇచ్చే చెరువులో కావాలా?

ఇక ఎదుటి పక్షం వాదాలు. వాటిని దాటవేయడం న్యాయం కాదు.

మొదటిది అహింస. బ్రతికి ఉన్న వానపామును, కప్పను గాలానికి గుచ్చడం క్రూరమనీ, ప్లాస్టిక్ ఎరతో ఆ పాపం లేదనీ అంటారు. వినడానికి ఇంపుగా ఉంది. అయితే చేప నోరు చీలడంలో మార్పేమీ లేదు; ఎరమీది జాలి చేపమీద ఎందుకు కలగలేదో వారు చెప్పరు. కప్పను గుచ్చవద్దంటే నేనూ ఒప్పుకొంటాను. దానికి మారుగా కొయ్యతో చేసిన ఎర ఉంది, తళతళలాడే లోహపు రేకు ఉంది, ఈకలు, నూలు కట్టిన ఎర ఉంది, పిండిముద్ద ఉంది. ఒక భాషా విషయం కూడ చెప్పనివ్వండి. ఎర అంటే మన నిఘంటువులలో గాలానికి గుచ్చేది అనే కాదు, పక్షికి, పాముకు ఆహారమైనది అనే అర్థమూ ఉంది. అది చేపను మోసగించినా, గాలం తప్పించుకొన్న చేపకు కడుపు నింపుతుంది. ప్లాస్టిక్ ఎర తప్పించుకొన్న చేపను కూడ వదలదు. 2009లో ప్రచురితమైన ఒక అమెరికా పరిశోధనలో ట్రౌట్ చేపలు ఇట్టి మెత్తని ఎరలను తమంతట తామే మ్రింగి, పొట్టలో నిలుపుకొని, తూకం కోల్పోయాయి. తినడానికి పనికిరానిదానిని ఎర అనడమే అపశబ్దం.

రెండవది, పట్టిన చేపను మరల నీటిలో వదలిపెడతామనే వాదం. వదలడం మంచిదే. కాని కొర్రమీను స్వభావం తెలిసినవారు ఈ మాట ఊరకే అనలేరు. అది పిల్లలను సాకే చేప. వానకారులో గ్రుడ్లు పొదిగి, ఎర్రని పిల్లలగుంపు నీటిపైకి శ్వాసకు వచ్చినప్పుడల్లా క్రింద తల్లిదండ్రులు కాపలా కాస్తాయి. ఆ గుంపును గుర్తుపట్టి, దానిమీదికి రబ్బరు కప్పను విసరడం కొందరు వినోదకారుల నేర్పు. కాపలా చేప ఆకలితో కాదు, పిల్లలకు హాని వచ్చిందని ఎరను కరుస్తుంది. దానిని గట్టుకు లాగి, కొలిచి, తూచి, ఫొటో తీసి వదలేలోపల పిల్లలు ఎవరి నోట పడ్డాయో ఫొటోలో కనిపించదు. చేపను వదలితే దయ పూర్తి అయిందనుకోవడం పొరపాటు. దారం తెగి చెరువులో మిగిలిపోయిన ఎరను ఎవరు వదలిపెట్టించాలి?

తెగడం అరుదు కాదా అంటే, కాదు. రేవులో బ్రీమ్‌కు వేసే ఎరకు అడ్డు గోడలు, స్తంభాలు. మన చెరువులో కొర్రమీను ఉండేదే జమ్ములో, తుంగలో, నాచు క్రింద. అక్కడికి విసరనిదే చేప పడదు. విసిరితే చిక్కుకోవడం తప్పదు. పిల్లలవద్ద ఖాళీ అయిన ఎరల డబ్బాలే దీనికి సాక్ష్యం. పారవేసుకోకుంటే మాటిమాటికి కొనవలసిన అవసరమేమి?

మూడవది అందరూ వేసే పెద్ద ప్రశ్న. "ఊరంతా ప్లాస్టిక్ సంచులు చెరువులో కుమ్మరిస్తుంటే, పది గ్రాముల ఎరమీద మీకెందుకింత ఆగ్రహం?" నిజమే, సంచుల పాపం ముందు ఇది గోరంత. నిండా మునిగినవానికి చలేమిటి అన్నట్లుంది ఈ వాదం. కాని సంచి మీద చట్టముంది. 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారవేసే అనేక ప్లాస్టిక్ వస్తువులను దేశమంతటా నిషేధించారు. ఐస్‌క్రీం పుల్లకూ, చెవిలో పెట్టుకొనే పుల్లకూ, బుడగకు కట్టే పుల్లకూ ఆ జాబితాలో చోటు దొరికింది. అమలు ఎంత అన్నది వేరే మాట. తప్పని ఒప్పుకోవడమైనా జరిగింది. ఈ ఎరకు ఆ జాబితాలో పేరు లేదు. సంచిని చెరువులో పారవేసినవాడు తాను తప్పు చేస్తున్నానని ఎరుగును. ఎరను పారవేసుకొన్నవాడు తన సొమ్ము పోయిందని మాత్రమే బాధపడతాడు. పైగా సంచి పొరపాటున, సోమరితనాన నీటిలో పడుతుంది. ఎర నీటిలో వేయడానికే పుట్టింది. చిన్న పామునైనా పెద్ద కర్రతో కొట్టమన్నారు పెద్దలు. పాము చిన్నదిగా ఉన్నప్పుడే కొట్టడం సులభమనేది అందులోని నీతి.

ఇదేదో మా పల్లెటూరి చాదస్తమని నవ్వేవారికి రెండు దేశాల సంగతి చెబుతాను. గాలపు వేటను కళగా ఆరాధించే జపానులో, ఫుజి పర్వతం పాదాన ఉన్న కవాగుచి సరస్సులో 2007 నుంచి మెత్తని ప్లాస్టిక్ పురుగులను వాడరాదు. గాలం వేయడం అక్కడ మానలేదు. యాత్రికులు తగ్గిపోయి ఊరు పాడుబడలేదు. ఈ ఎర పుట్టిన అమెరికాలోనే మెయిన్ రాష్ట్రంలో 2013లో దీనిని నిషేధించాలని శాసనసభలో బిల్లు పెట్టారు. అది నిషేధంగా నెగ్గలేదు గాని, ప్రశ్న న్యాయమైనదని శాసనసభకు తోచింది కాబట్టే దానిమీద విచారణ జరిగింది. నీటి కొరత లేనివారే అట్లా ఆలోచిస్తే, గుక్కెడు నీటికి తుంగభద్ర కాలువవంక చూసే మనం ఆలోచించనక్కరలేదా?

చేయవలసినదేమి? నిషేధమనగానే పోలీసులు, జరిమానాలు గుర్తుకు రానక్కరలేదు. చెరువులలో చేపల హక్కు మత్స్యకార సహకార సంఘానికో, వేలం పాడుకొన్నవారికో ఉంటుంది. అనుమతి ఇచ్చే కాగితంలో ఒక్క వాక్యం చేర్చితే చాలు: మెత్తని ప్లాస్టిక్ ఎరలు ఈ చెరువులో వేయరాదు. నీటిలో మందుగుండు పేల్చడం, విషం కలపడం 1897 నాటి మత్స్య చట్టమే నేరమన్నది. పరాయి దొరలకు ఆనాడు తోచిన వివేకం మన పంచాయతీలకు ఈనాడు తోచరాదా? ఎరలు అమ్మే అంగడివారు అందులో ఏమి కలిపారో పొట్లంమీద వ్రాయాలి. మట్టిలో నిజంగా కలిసిపోయే ఎర ఎవరైనా చేస్తే, మన ఎండలో, మన చెరువు మట్టిలో పరీక్షించి చూపితే, దానికి అడ్డుచెప్పేవారిలో నేనుండను. గాలం వేసే యువకులారా, మీరు చెరువుకు శత్రువులని నేననుకోవడం లేదు. చెరువు దగ్గర గంటల తరబడి కూర్చునే ఓపిక ఇప్పుడు మీకే మిగిలింది. ఆ చెరువు మీది కాదనుకొన్నవారు ఎట్లాగూ నా మాట వినరు, మీరు వినాలి.

అనంతపురానికి ఆనుకొని బుక్కరాయసముద్రం ఉంది. ఆ చెరువు కట్ట తెగబోయినప్పుడు ఊరిని కాపాడడానికి ముసలమ్మ అనే కోడలు తన ప్రాణాన్ని అర్పించిందని మన సీమ చెప్పుకొంటుంది. కట్టమంచి రామలింగారెడ్డిగారు విద్యార్థిగా ఉండగానే ఆ కథను "ముసలమ్మ మరణము" అనే కావ్యంగా వ్రాశారు. కథలో చరిత్ర ఎంత, కల్పన ఎంత అని పండితులు తర్కించుకోవచ్చు. చెరువు కోసం మనిషి ఏమైనా వదులుకోవచ్చునని ఈ నేల నమ్మిందన్నది మాత్రం కల్పన కాదు. ఆమెను అడిగింది ప్రాణం. మనలను అడుగుతున్నది ఒక ప్లాస్టిక్ కప్పను ఇంటివద్ద విడిచిపెట్టి రమ్మని. అదీ చేతకాకపోతే, చెరువులు ఎండిపోతున్నాయని వానదేవుని నిందించే హక్కు మనకు లేదు.